ఆర్పినప్పుడు పరిమళించే కొవ్వొత్తి: బేబెర్రీ పొదపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మొక్కల గురించి, వాటి ఉపయోగాల గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులు ఇస్తున్నాం. రెండు నెలల క్రితం విశాఖపట్నం వన్‌టౌన్ నుంచి వచ్చిన ఒక ఉత్తరానికి స్థలాభావం వల్ల నాలుగు వాక్యాల్లోనే బదులిచ్చాం. అది చదివి నగరంలోని వేర్వేరు ప్రాంతాల నుంచి మరికొందరు రాశారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క పొదకే కేటాయించి, మొదటి ఉత్తరాన్ని కూడా మళ్లీ ఇస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉంటుంది. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు లేత ఆకుపచ్చ రంగులో ఉన్న రెండు కొవ్వొత్తులు తెచ్చి, ఇవి ఒక పొద కాయల మైనంతో చేసినవని చెప్పింది. ఒకదాన్ని రాస్ హిల్ మీద మేరీమాత గుడిలో వెలిగించాను. రెండోదాన్ని ఇంట్లో వెలిగిస్తే, వెలుగుతున్నంతసేపూ పెద్దగా వాసన లేదు గానీ ఆర్పగానే గదంతా చక్కని పరిమళం నిండింది. కాయకు మైనం పట్టడమేమిటి? ఆర్పినప్పుడే వాసన ఎందుకు వస్తుంది? అమ్మాయి తెచ్చిన ఎండు కాయలు కొన్ని ఉత్తరంతో పంపుతున్నాను.
— ఒక గృహిణి, వన్‌టౌన్

జవాబు: అమ్మా, మీరు పంపిన చిన్న డబ్బాలో ఇరవై ఆరు కాయలు ఉన్నాయి. మిరియాలకన్నా కాస్త చిన్నవిగా, గుండ్రంగా, విభూతి పట్టించినట్టు బూడిద రంగులో ఉన్న ఆ కాయల్లో ఒకదాన్ని తెల్లకాగితం మీద పెట్టి గోటితో గీరితే పొడి రాలింది. ఆ పొడి కింద నల్లటి గరుకు తొక్క, దాని లోపల రాయిలాంటి గట్టి గింజ కనిపించాయి. రాలిన పొడిని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ కాసేపు నలిపితే, ఒంటి వేడికే మెత్తబడి, సబ్బు రాసినట్టు నున్నగా చర్మానికి పట్టుకుంది. వాసన సాంబ్రాణికీ మరువానికీ మధ్య ఎక్కడో ఉంది. ఆ తరువాత కాయలన్నిటినీ చిన్న స్టీలు గిన్నెలో వేసి, రెండు గ్లాసుల నీళ్లు పోసి పావుగంట మరిగించాం. చారు మీద పోపు నెయ్యి తేలినట్టు సన్నని చుక్కలు పైకి తేలి, ఒకదానితో ఒకటి కలిసి, గిన్నె చల్లారేసరికి లేత ఆకుపచ్చ రేకుగా గడ్డకట్టాయి. చాకు మొనతో ఎత్తి చూస్తే ఆ రేకు చిటికెనవేలి గోరంత ఉంది. మీ ఇంట్లో వెలిగిన ఒక్క కొవ్వొత్తి కోసం ఎన్ని బుట్టల కాయలు ఏరి ఉంటారో దీన్నిబట్టి ఊహించవచ్చు. పూర్వం అక్కడి ఇళ్లలో చేసిన పద్ధతీ ఇదే. పెద్ద కాగుల్లో కాయలను మరిగించి, తేలిన మైనాన్ని తీసి, గుడ్డతో వడకట్టి, మళ్లీ కరిగించి, అందులో నూలు వత్తిని పదేపదే ముంచి తీస్తూ కొవ్వొత్తి లావయ్యేదాకా పొర మీద పొర పట్టించేవారు.

ఈ పొదను ఇంగ్లీషులో బేబెర్రీ అంటారు. మిరికేసీ కుటుంబంలో మైనానికి పేరుపడిన అమెరికా మొక్కలు ముఖ్యంగా రెండు. మీ అమ్మాయి ఉండే మసాచుసెట్స్ తీరంలో కనిపించేది ఉత్తరాది బేబెర్రీ. దాని శాస్త్రనామం మిరికా పెన్సిల్వానికా. అది సాధారణంగా మనిషి ఎత్తు నుంచి మూడు మీటర్ల దాకా పెరిగి, చలికాలంలో ఆకు రాలుస్తుంది. దానికి దక్షిణాన, న్యూజెర్సీ నుంచి ఫ్లోరిడా, టెక్సస్‌ల దాకా, ఇంకా కరీబియన్ దీవుల్లోనూ మధ్య అమెరికాలోనూ పెరిగే మిరికా సెరిఫెరా ఏడాది పొడవునా పచ్చగా ఉండి, చిన్న చెట్టంత ఎదుగుతుంది. సెరిఫెరా అన్న లాటిన్ మాటకు మైనాన్ని మోసేది అని అర్థం. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ ఆ పేరు పెట్టాడు. ఇప్పుడు చాలామంది వృక్షశాస్త్రజ్ఞులు ఈ రెండింటినీ మొరెల్లా అనే ప్రజాతిలో చేరుస్తున్నారు కనుక, పుస్తకాల్లో రెండు పేర్లూ కనబడితే అవి వేర్వేరు మొక్కలని అనుకోనక్కరలేదు.

సుగంధం కాయకే పరిమితం కాదు. ఆకును భూతద్దంతో చూస్తే పసుపు రంగు చుక్కలు కనబడతాయి. అవి సుగంధ రసాన్ని నింపుకున్న గ్రంథులు, ఆకు నలిపినప్పుడు పగిలి వాసన వస్తుంది. పూలు మాత్రం చూపుకు ఆనవు. వాటికి రేకులు ఉండవు, తేనె ఉండదు, పుప్పొడిని గాలే మోసుకుపోతుంది. మగ పూలు ఒక పొదకు, ఆడ పూలు మరొక పొదకు పూస్తాయి కాబట్టి మన తాటిచెట్లలో పోతుతాడికి కాయలు కాయనట్టే, మగ బేబెర్రీ పొద ఎన్నేళ్లు పెరిగినా ఒక్క కాయ కాయదు. ఆడ పొద కాయలు ఆకులు రాలిన తరువాత కూడా చలికాలమంతా కొమ్మను అంటిపెట్టుకునే ఉంటాయి.

ఇక మీ రెండో ప్రశ్న. వత్తి మండుతున్నప్పుడు కరిగిన మైనం వత్తి గుండా పైకి పాకి, ఆవిరై, ఆ ఆవిరే మంటలో కాలిపోతుంది. దానితోపాటు సుగంధం ఇచ్చే పదార్థాలు కూడా చాలావరకు కాలిపోతాయి. మంట ఆర్పిన మరుక్షణం కూడా వత్తి వేడిగానే ఉంటుంది. మైనం ఆవిరవడం ఆగదు గానీ దాన్ని కాల్చే మంట ఉండదు. అందుకే సుగంధం కాలకుండా తెల్లటి పొగతో కలిసి గదిలోకి వస్తుంది. ఈ సంగతి అక్కడివారు మూడు వందల ఏళ్ల కిందటే గమనించారు. వర్జీనియా వాసి రాబర్ట్ బెవర్లీ 1705లో ఈ కొవ్వొత్తుల గురించి రాస్తూ, ఇవి చేతికి జిడ్డుగా అంటవనీ, ఎండాకాలంలో కరిగి వంగిపోవనీ, అభిరుచి ఉన్నవారు ఆ ధూపం కోసమే వీటిని కావాలని ఆర్పుతారనీ చెప్పాడు. లినేయస్ శిష్యుడైన పీటర్ కామ్ 1748లో అమెరికాకు వెళ్లి మూడేళ్లు తిరిగినప్పుడు పశువుల కొవ్వుతో చేసిన కొవ్వొత్తులతో వీటిని పోల్చి దాదాపు ఇదే రాశాడు. ఆ రోజుల్లో వీటి గిరాకీ ఎంతటిదంటే, న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్ దీవిలోని బ్రూక్‌హేవెన్ పట్టణం 1687లోనే సెప్టెంబరు 15కు ముందు బేబెర్రీ కాయలు కోసినవారికి పదిహేను షిల్లింగుల జరిమానా విధించింది. పక్వానికి రాని కాయను పోటీపడి దూసుకుపోతే ఎవరికీ మైనం దక్కదు. ఊరందరిదీ అయిన పంటను కాపాడడానికి ఒక చిన్న పట్టణం ఆ కాలంలోనే ఇలా పూనుకోవడం నాకు చాలా గౌరవం కలిగించే విషయం.

ప్రశ్న: మేము పదిమంది మహిళలం డ్వాక్రా సంఘంగా కొవ్వొత్తులు, సబ్బులు తయారుచేసి అమ్ముతున్నాం. మీరు రాసిన బేబెర్రీ మైనం తెప్పించుకుంటే మాకు లాభసాటిగా ఉంటుందా? నగరంలోని పెద్ద దుకాణాల్లో ‘బేబెర్రీ’ అని రాసిన కొవ్వొత్తులు చూశాం. అవన్నీ ఈ మైనంతో చేసినవేనా?
— సంఘ సభ్యురాలు, గాజువాక

జవాబు: ముందుగా ఒక మాట. మైనం అని అందరం పిలుస్తున్నా, రసాయనశాస్త్రం ప్రకారం బేబెర్రీ కాయ మీద ఉన్నది అసలైన మైనం కాదు, కొవ్వు. తేనెపట్టు మైనంలో పొడవాటి ఆమ్లాలు, పొడవాటి ఆల్కహాళ్లు జతకూడి ఉంటాయి. బేబెర్రీ పూతలో మాత్రం కొబ్బరినూనెలోనూ నేతిలోనూ ఉన్నట్టే కొవ్వు ఆమ్లాలు గ్లిజరాల్‌తో కలిసి ఉంటాయి. వాటిలో ప్రధానమైనది పామిటిక్ ఆమ్లం. తరువాతి స్థానం మిరిస్టిక్ ఆమ్లానిది. (ఈ రెండో పేరు మిరికా నుంచి వచ్చినట్టు అనిపిస్తుంది గానీ అది జాజికాయ శాస్త్రనామమైన మిరిస్టికా నుంచి వచ్చింది.) మన భాషలో క్యాండిల్‌ను ‘కొవ్వు’, ‘వత్తి’ కలిపి కొవ్వొత్తి అన్నారు. మీరు ఇప్పుడు పారఫిన్‌తో పోసే కొవ్వొత్తిలో కొవ్వు ఏమీ లేదు, అది ముడి చమురు నుంచి వచ్చినది. బేబెర్రీ కాయలతో చేసినదానికి మాత్రం ఆ పేరు అక్షరాలా తగినది.

ఈ తేడా మీ వృత్తికి పనికొస్తుంది. కొవ్వు కాబట్టి కాస్టిక్ సోడాతో కలిసి సబ్బు అవుతుంది. పారఫిన్ ఎంత మరిగించినా కాదు. అమెరికాలో ఈ మైనాన్ని క్షౌరానికి వాడే సబ్బుల్లో కూడా కలిపేవారు. ఎవరైనా మీకు ‘అసలైన బేబెర్రీ మైనం’ అని ఖరీదైన ముక్క అమ్మజూపితే, చిన్న తునకను కాస్టిక్ సోడా ద్రావణంలో జాగ్రత్తగా, కళ్లకూ చేతులకూ రక్షణ పెట్టుకుని, మరిగించి చూడండి. మార్పు లేకుండా పైన తేలుతూనే ఉంటే అది పారఫిన్ అని అనుమానించవచ్చు. సబ్బుగా మారినంత మాత్రాన బేబెర్రీయే అని రుజువు కాదు, ఎందుకంటే పామాయిల్ నుంచి తీసిన గట్టి కొవ్వు కూడా అలాగే సబ్బు అవుతుంది.

లాభం సంగతికి వస్తే, తెప్పించుకోమని నేను సలహా ఇవ్వలేను. కాయ చిన్నది, దిగుబడి స్వల్పం, ఏరడం చేతిపని. అందువల్ల దాని ధర తేనెమైనం ధరను సులువుగా దాటిపోతుంది. పైగా అది సుమారు 45 నుంచి 49 డిగ్రీల మధ్య కరుగుతుంది. తేనెమైనం కరగడానికి 62 నుంచి 64 డిగ్రీలు కావాలి. మే నెలలో గాజువాక ఎండకు నిలబెట్టిన ఆటోలో సరుకు పెట్టి పంపితే ఏది నిలుస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు. బేబెర్రీ మైనం పెళుసైనది కూడా. ఒక్కదానితోనే పోస్తే పగుళ్లు వస్తాయి కనుక అక్కడ కూడా చాలామంది తేనెమైనంతో కలిపే పోస్తారు. ఆ తేనెమైనం మన పాడేరు, అరకు కొండల తేనెతోపాటే వస్తుంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం మన విశాఖలోనే ఉంది. సముద్రాలు దాటి వచ్చే కొవ్వు కన్నా ముందు అక్కడ ఏమి దొరుకుతుందో అడిగి చూడడం మంచిది.

దుకాణాల్లో చూసినవాటిలో ఎక్కువ భాగం పారఫిన్‌లోనో సోయా మైనంలోనో ఆకుపచ్చ రంగు, కృత్రిమ సువాసన నూనె కలిపినవే. వాటికి వెలుగుతున్నప్పుడే ఘాటైన వాసన వస్తుంది. వన్‌టౌన్ పాఠకురాలి కొవ్వొత్తి లక్షణం అందుకు పూర్తిగా భిన్నం. పెట్టె మీద ‘బేబెర్రీ సువాసన’ అని ఉన్నదా, ‘బేబెర్రీ మైనం’ అని ఉన్నదా చూడండి. మీ సంఘం సువాసన నూనె వాడితే మీరూ అదే నిజాయితీతో రాయండి. కొనేవారు ఒకసారి నమ్మితే మళ్లీ మీ దగ్గరికే వస్తారు.

ప్రశ్న: బేబెర్రీ ఆకు, మనం పలావులో వేసే బిర్యానీ ఆకు ఒకటేనా?
— పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: కాదు. మన బిర్యానీ ఆకు దాల్చినచెక్క కుటుంబానికి చెందిన సిన్నమోమమ్ తమాలా; దాని మీద మూడు ఈనెలు కాడ నుంచి కొస దాకా నిలువుగా సాగుతాయి. యూరప్ వంటల్లో వాడేది లారస్ నోబిలిస్ ఆకు. దానికి మధ్యలో ఒకే ఈనె ఉంటుంది. అమెరికా దక్షిణ తీరంలో కొందరు మిరికా సెరిఫెరా ఆకును ఈ రెండో ఆకుకు బదులుగా పులుసుల్లో వేసేవారు, పేరులోని ‘బే’ ఈ గందరగోళాన్ని ఇంకా పెంచింది. వీటితోపాటు కరీబియన్ దీవుల్లో లవంగం కుటుంబానికి చెందిన పిమెంటా రేసిమోసా అనే చెట్టు ఉంది. దాన్ని కూడా బేబెర్రీ అనే పిలుస్తారు. దాని ఆకు నుంచి తీసిన నూనెతోనే క్షౌరం తరువాత రాసుకునే ‘బే రమ్’ తయారవుతుంది. ఈ నాలుగూ నాలుగు వేర్వేరు మొక్కలు.

ప్రశ్న: భీమిలి దగ్గర సముద్రానికి అతి సమీపంలో మాకు అర ఎకరం ఇసుక నేల ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు అక్కడి చెట్లన్నీ పోయాయి. బేబెర్రీ ఉప్పుగాలిని, ఇసుక నేలను తట్టుకుంటుందని విన్నాను. వన్‌టౌన్ పాఠకురాలు పంపిన కాయలు మిగిలి ఉంటే నాలుగు ఇప్పించగలరా? విత్తనాలు నాటి చూడాలని ఉంది.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, భీమునిపట్నం

జవాబు: మాస్టారూ, మీరు విన్నది నిజమే. అయినా కాయలు ఇవ్వలేను. గోటితో గీరినదానితో సహా అన్నీ మరిగించేశాం, అదీ కావాలనే చేశాం. ఎందుకో వివరంగా చెబుతాను.

ఈ పొద గొప్పతనమంతా దాని వేళ్లలో ఉంది. దాని వేళ్లకు చిన్నచిన్న బుడిపెలు ఉంటాయి. వాటిలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి నివసిస్తూ, గాలిలోని నత్రజనిని మొక్క వాడుకోగల రూపంలోకి మారుస్తుంది. వేరుశనగ, మినుము వేళ్ల బుడిపెల్లో ఉండే రైజోబియం చేసే పనే ఇది, అయితే ఫ్రాంకియా వేరే జాతి జీవి. ఎరువు ఊసే లేని ఇసుక దిబ్బ మీద, ఉప్పు జల్లు తగిలే చోట బేబెర్రీ పచ్చగా నిలవడానికి కారణం అదే. ఇది వింటే మీకు వెంటనే ఒక చెట్టు గుర్తుకు రావాలి. మన తీరం పొడవునా పెంచుతున్న సరుగుడు చెట్టు వేళ్లలోనూ ఉన్నది ఫ్రాంకియాయే. లేత సరుగుడు మొక్కను వేరు తెగకుండా తవ్వి, ఇసుక దులిపి చూడండి. చిన్న పగడపు గుత్తుల్లాంటి బుడిపెలు వేళ్లను పట్టుకుని కనిపిస్తాయి. బేబెర్రీ తన సొంత తీరంలో చేసే పని మన తీరంలో ఇప్పటికే జరుగుతున్నదన్నమాట.

ఇక ఆ గింజలను ఇక్కడ నాటడానికి నాకున్న భయం సంగతి. మిరికా కుటుంబానికే చెందిన ఫాయా అనే చెట్టు అజోర్స్, మదీరా, కెనరీ దీవులది. పంతొమ్మిదో శతాబ్దం చివరలో పోర్చుగీసు వలసదారులు దాన్ని ప్రేమతోనే హవాయి దీవులకు తీసుకువెళ్లారు. హవాయిలో అగ్నిపర్వతాల లావా చల్లారిన కొత్త నేలల్లో నత్రజని చాలా తక్కువ. ఆ పేద నేలకు అలవాటుపడిన స్థానిక మొక్కలు అక్కడ నెమ్మదిగా పెరిగేవి. వేళ్లలో ఫ్రాంకియాను మోసుకొచ్చిన ఫాయా ఆ నేలను పూర్తిగా మార్చేసింది, పక్షులు దాని కాయలు తిని గింజలను ఊరూరా చల్లాయి. పర్యావరణ శాస్త్రవేత్త పీటర్ విటౌసెక్, ఆయన సహచరులు 1987లో ప్రచురించిన పరిశోధనతో, బయటినుంచి వచ్చిన ఒక్క చెట్టు మొత్తం నేల స్వభావాన్నే మార్చగలదన్న సంగతికి ఇది ప్రపంచమంతటా ఉదాహరణగా నిలిచింది. సర్కారు తుమ్మను వంటచెరకు కోసం తెచ్చుకుని ఆ తరువాత మన రైతులు ఎంత కష్టపడుతున్నారో, గుర్రపుడెక్క చెరువులను ఎలా కప్పేస్తున్నదో మీరు కళ్లారా చూసినవారే. చలికి అలవాటుపడిన ఉత్తరాది బేబెర్రీ మన దగ్గర బతకకపోవచ్చు గానీ, కరీబియన్ దీవుల వేడిలో పెరిగే మిరికా సెరిఫెరాకు భీమిలి వాతావరణం కొత్తేమీ కాదు. అందుకే నాకు దాని విషయంలో భయం ఎక్కువ. దాని ఆకుల్లోని సుగంధ తైలాలు త్వరగా అంటుకుంటాయి. అక్కడ కూడా ఇళ్ల గోడల పక్కన దీన్ని పెంచవద్దని చెబుతారు. మంటకు కాలిపోయినా వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది.

చట్టం కూడా ఒప్పుకోదు. విదేశీ విత్తనాలు, మొక్కలు మన దేశంలోకి రావాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, పంపే దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. సంచిలో నాలుగు గింజలు తేవడంలో తప్పేమిటని చాలామంది అనుకుంటారు. వన్‌టౌన్ పాఠకురాలి అమ్మాయి కూడా అలాగే అనుకుని ఉంటుంది, అందులో చెడు ఉద్దేశం లేదు. ఇకముందు మాత్రం కొవ్వొత్తులు తెచ్చి, కాయలు అక్కడే వదిలిరమ్మని కోరుతున్నాను.

ఒకవేళ గింజ దొరికినా మీ కోరిక తీరడం కష్టమే. మైనం పూర్తిగా గీరి తీసి, రెండు మూడు నెలలు చల్లని తడిలో ఉంచితే తప్ప ఆ గింజలు సరిగా మొలవవు. మొలిచాక ఆడ పొద, మగ పొద రెండూ ఉంటేనే కాయ కాస్తుంది.

మీ నేలకు నేను సూచించేవి మూడు. ఇంటి వెనుక వైపు పొన్న వేయండి. దట్టమైన దళసరి ఆకు, తెల్లని సువాసన పూలు, ఉప్పుగాలిని తట్టుకునే గుణం దానికి ఉన్నాయి, గింజల నూనెతో మన తీరంలో పూర్వం దీపాలు వెలిగించేవారు. దానికి తోడుగా కానుగ వేయండి; దాని నూనె కూడా దీపానికి పనికొస్తుంది, దాని వేళ్లు కూడా నత్రజనిని పట్టి ఉంచుతాయి. సముద్రం వైపు అంచున, ఇసుకను పట్టి ఉంచడానికి మొగలి పొద నాటండి. సుగంధం, దీపపు నూనె, ఇసుకకు కట్టుబాటు, బేబెర్రీ నుంచి మీరు ఆశించిన ఈ మూడూ ఆ అర ఎకరంలోనే దొరుకుతాయి.

ప్రశ్న: మైనాన్ని ఏ జంతువూ అరిగించుకోలేదని మా సైన్సు మాస్టారు చెప్పారు. మరి ఈ కాయలను పక్షులు ఎలా తింటున్నాయి?
— పదో తరగతి విద్యార్థిని, పెందుర్తి

జవాబు: మంచి ప్రశ్న అడిగావమ్మా. మీ మాస్టారు చెప్పింది చాలా జంతువుల విషయంలో నిజం. పైన చెప్పినట్టు బేబెర్రీ పూత ప్రధానంగా కొవ్వే అయినా, అది బాగా గట్టిది, గది వేడిలో కరగదు. అలాంటి కొవ్వును చాలా పక్షులు సరిగా జీర్ణించుకోలేవు. ఉత్తర అమెరికాలో నడుము మీద పసుపు మచ్చ ఉండే చిన్న వార్బ్లర్ పిట్ట ఒకటి మాత్రం ఈ పనిలో దిట్ట. 1992లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆ పిట్ట ఈ మైనంలో 80 శాతానికి పైగా జీర్ణం చేసుకుంటున్నట్టు తేలింది. దాని పిత్తరసంలో కొవ్వును చిన్న బిందువులుగా విడగొట్టే లవణాలు ఎక్కువ మోతాదులో ఉంటాయి, పైగా పేగులోని ఆహారాన్ని అది మళ్లీ వెనక్కి, కడుపు వైపు తోసి రెండోసారి కలియబెడుతుంది. పురుగులు దొరకని చలికాలంలో తక్కిన వార్బ్లర్లు దక్షిణాదికి వలసపోతే, ఈ పిట్ట బేబెర్రీ పొదలను నమ్ముకుని వాటికన్నా చాలా ఉత్తరాన నిలిచిపోగలుగుతుంది. పొదకూ మేలే: తొక్క, మైనం పోయి శుభ్రపడిన గింజ పిట్ట రెట్టతో దూరంగా పడుతుంది. మైనం ఉన్నంతకాలం మొలవని గింజ అలా మొలకకు సిద్ధమవుతుంది.

ప్రశ్న: మావారికి రక్తపోటు ఉంది, మందులు వాడుతున్నారు. గొంతునొప్పికి, విరేచనాలకు పనిచేస్తుందని ఆన్‌లైన్‌లో బేబెర్రీ వేరు బెరడు పొడి అమ్ముతున్నారు. మా పక్కింటి పిన్నిగారు మాత్రం ఇది మన ఆయుర్వేదంలోని కట్ఫలమే, ధైర్యంగా వాడవచ్చు అంటున్నారు. ఏది నిజం?
— పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: పిన్నిగారు చెప్పినదానిలో సగం నిజం ఉంది. కట్ఫలం కూడా మిరికా కుటుంబపు చెట్టే. శాస్త్రనామం మిరికా ఎస్కులెంటా. అది హిమాలయాల దిగువ కొండల్లోనూ మేఘాలయలోని ఖాసీ కొండల్లోనూ పెరుగుతుంది. మన ఆయుర్వేద మందుల దుకాణాల్లో కట్ఫలం పేరుతో దొరికే ఎర్రటి బెరడు దానిదే. ఆ బెరడు పొడిని జలుబుకు నస్యంగా, దగ్గుకు చూర్ణాల్లో భాగంగా వైద్యులు వాడతారు; ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, తుమ్ములు ఆగవు. మిరిసిటిన్ అనే పసుపు పదార్థాన్ని పెర్కిన్, హమ్మెల్ అనే రసాయనశాస్త్రవేత్తలు 1896లో మొదట వేరుచేసింది కూడా మన దేశం నుంచి వెళ్లిన ఈ బెరడు నుంచే. అయినా ఒకే కుటుంబానికి చెందినంత మాత్రాన ఒక మొక్క మోతాదును మరొక మొక్కకు అన్వయించకూడదు. వంకాయ, ఉమ్మెత్త ఒకే కుటుంబానివే కదా.

అమెరికా బేబెర్రీ వేరు బెరడుకు పేరు తెచ్చింది శామ్యూల్ థామ్సన్ అనే నాటువైద్యుడు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో అతడు ఈ బెరడును శొంఠి, మిరపకారం, లవంగాలతో కలిపి చలిజ్వరానికీ విరేచనాలకూ ఇచ్చేవాడు. బెరడులో టానిన్లు బాగా ఉంటాయి. కరక్కాయ నమిలినప్పుడు నోరు వగరుతో బిగుసుకుపోయినట్టే, ఇది గొంతులోనూ పేగుల్లోనూ పొరలను బిగిస్తుంది. విరేచనాలకు ఉపశమనం అనిపించడానికి కారణం అదే. మోతాదు మించితే ఇదే బెరడు వాంతులు చేయిస్తుంది. థామ్సన్ వర్గం వైద్యులు కొందరు దాన్ని వాంతుల కోసమే వాడేవారు కూడా.

మీవారి విషయంలో నాకు ఆందోళన కలిగించేది మరొకటి. ఈ బెరడులో ఉన్న మిరికడియాల్ అనే పదార్థానికి శరీరంలో ఉప్పును నిలిపి, పొటాషియాన్ని బయటికి పంపే స్వభావం ఉందని చెబుతారు. రక్తపోటు ఉన్నవారికి, నీరు పోయే మాత్రలు వాడేవారికి అది సరిపడదు. గర్భిణులు కూడా దీని జోలికి పోకూడదు. కాబట్టి ఆ పొడి కొనవద్దని స్పష్టంగా చెబుతున్నాను. ఇప్పటికే కొని ఉంటే, పొట్లం మీద మొక్క శాస్త్రనామం ఉందో లేదో చూసి, మీవారు వాడే మాత్రల చీటీతో సహా డాక్టరుకు చూపించండి. కట్ఫలం కావాలనుకున్నా అర్హత ఉన్న ఆయుర్వేద వైద్యుణ్ణి అడిగిన తరువాతే వాడండి. గొంతునొప్పికి ఉప్పునీళ్లు పుక్కిలించండి. విరేచనాలైతే ఓఆర్‌ఎస్ పొట్లం ముందు కలపండి, అయితే అందులోనూ ఉప్పు ఉంటుంది కనుక మీవారి డాక్టరుకు ఫోన్‌లో ఒక మాట చెప్పి మోతాదు తెలుసుకోండి.

ఈ కుటుంబపు చెట్టును నిర్భయంగా రుచి చూడాలని ఉంటే దానికి వేరే దారి ఉంది. మే, జూన్ నెలల్లో నైనితాల్ వైపు వెళ్లేవారికి దారి పక్కన బుట్టల్లో ఎర్రటి చిన్న పళ్లు కనిపిస్తాయి. అక్కడివారు కాఫల్ అంటారు. అవి కట్ఫలం చెట్టు పళ్లే. పైన కాస్త ఉప్పు చల్లి, కాగితపు పొట్లంలో పోసి ఇస్తారు. పుల్లగా, తియ్యగా ఉంటాయి. గింజ పెద్దది, కండ తక్కువ. మీవారు మాత్రం ఉప్పు వద్దని ముందే చెప్పి తీసుకోవాలి.